తాగడానికి మాత్రమే

ఆ ఇంట్లో రాగిముద్ద తిని నేను మెచ్చుకోకుండా లేచిన రోజు లేదు. కర్ణాటకలో, బట్లహళ్ళి దగ్గర ఒక చిన్న పల్లె అది. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే ఫిల్టరు మీద పరిశోధన చేస్తూ నెలకోసారి అక్కడికి వెళ్ళేదాన్ని. పుట్టి పెరిగింది చింతామణిలోనే కాబట్టి భాషతో గానీ తిండితో గానీ నాకు పేచీ లేదు. బెంగళూరు ల్యాబులో తోటివాళ్ళ దగ్గర ఆ సంగతి చెప్పి గొప్పలు కూడా పోయేదాన్ని. మీకు ఊళ్ళ సంగతి తెలియదు, నన్నడగండి అనేదాన్ని.

మా వైపు బోర్లు ఏటికేడు ఇంకా లోతుకు పోతున్నాయి. లోతుకు పోయేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అవి తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద పసుపు చారలు పడతాయి. నేను ముద్ద తినే ఇంట్లో పెద్దకూతురు హైస్కూలు పిల్ల. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటుంది, ఫోటో తీస్తానంటే పెదాలు బిగించేస్తుంది. ఆ పళ్ళకు ఇక ఏ ఫిల్టరూ పనికిరాదు. చిన్నకూతురికి అప్పుడు రెండేళ్ళు. పాలపళ్ళ వెనక, చిగుళ్ళ లోపల, అసలు పళ్ళు తయారవుతుండే వయసు. ఫిల్టరు పెట్టించుకోవడానికి వాళ్ళమ్మ ఒప్పుకున్నది ఆ చిన్నదాని కోసమే.

"పెద్దదాని పళ్ళు ఎట్లయిపోయెనో చూస్తిరి గదమ్మా. ఈ పాపకన్నా తెల్లగా రావల్ల. నేనడిగేది అంతే" అంది మొదటి రోజే.

"వస్తాయక్కా" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఫిల్టరు అంటే పెద్దదేమీ కాదు. ఒకదాని మీద ఒకటి రెండు స్టీలు డబ్బాలు, పైదాంట్లో తెల్లటి గుళికలు. ఫ్లోరైడును ఆ గుళికలు పట్టుకుంటాయి. కొన్నాళ్ళకు వాటి సత్తువ అయిపోతుంది, మార్చాలి. అందుకే నీళ్ళు ఇష్టమొచ్చినట్టు వాడేయకుండా డబ్బా మీద నా చేత్తోనే ఒక చీటీ రాసి అంటించాను. ఆమె బడిలో చదివింది కన్నడమే కాబట్టి కన్నడంలో రాశాను. 'కుడియలు మాత్ర', అంటే తాగడానికి మాత్రమే.

ఏడాది గడిచింది. ఫిల్టరు నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేసినా మంచినీళ్ళే. వ్యాసం రాయడం కూడా మొదలుపెట్టేశాను. మిగిలింది పిల్లల మూత్ర పరీక్ష ఒక్కటే. ఒంట్లోకి ఫ్లోరైడు ఎంత పోతోందో అందులో తెలిసిపోతుంది. చిన్నపాప ఫలితం చూసి యంత్రం చెడిపోయిందనుకున్నాను. మళ్ళీ చేశాను. ఏడాది కిందట ఎంత ఉందో దాదాపు అంతే ఉంది.

నాకు మొదట వచ్చింది బాధ కాదు, కోపం. చుట్టాలకు చూపించుకోవడానికి పెట్టుకున్నారన్నమాట, వాడటం లేదన్నమాట అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా బస్సెక్కాను. దారి పొడుగునా ఆమెను ఎలా నిలదీయాలా అనే ఆలోచనే.

వెళ్ళేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. పాప కంచం ముందు కూర్చుని ఉంది.

"ఫిల్టరు వాడుతున్నారా అక్కా? నిజం చెప్పండి."

"వాడక ఏమమ్మా? పాపకు ఒక్క చుక్క బోరు నీళ్ళు తాపిచ్చలేదు. అంగన్‌వాడీకి కూడా బాటిల్లో ఇవే పోసి పంపిస్తాండా."

చూస్తే ఫిల్టరు తళతళలాడుతోంది. నా చీటీ చిరగకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా అంటించింది. నాకు సిగ్గేసింది. ఇంతలో ఆమె బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ముద్దకు ఎసరు పెట్టింది. పక్క పొయ్యి మీద చారుకని ఉలవలు అప్పటికే ఉడుకుతున్నాయి. ఎసరు మరిగాక రాగిపిండి పోసి, తెడ్డుతో గెలికింది. ఆ నీళ్ళన్నీ నా కళ్ళ ముందే పిండి తాగేసింది.

"అక్కా, ఆ బిందెలోవి ఏం నీళ్ళు?"

"బోరు నీళ్ళే. వంటకు ఫిల్టరువి వద్దని మీరే చెప్తిరి గదమ్మా. వంటకీ ఇవే పోసేదా అని ఆ పొద్దే అడిగితిని. గుళికలు తొందరగా అయిపోతాయి, తాగేదానికే పెట్టుకోండి అంటిరి."

అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను, అన్నట్టు కూడా గుర్తులేనంత మామూలుగా. మనిషి రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతాడో లెక్క కట్టి మరీ చేసిన ఫిల్టరు అది. ముద్ద తిని పెరిగినదాన్ని, ముద్దలో పిండి కంటే నీళ్ళే ఎక్కువని నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా ఏడాది పొడుగునా ఆ ముద్దే తింటూ, బాగుందంటూ, ఒక్కసారి కూడా తట్టలేదు. తోటివాళ్ళనైనా అనడానికి లేదు. నన్నడగండి అన్నది నేనే.

"మరిగితే పోదా అమ్మా అది?"

"పోదక్కా. నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది."

ఆమె పాప ముందున్న కంచం లాగేసింది. పాప ఏడుపు అందుకుంది.

"నా చేత్తోనే తినిపిస్తినే" అంది మెల్లగా.

నా చీటీ చూసి తినిపించావు అనాల్సింది. అనడానికి ధైర్యం చాలలేదు. చీటీ పీకడానికి గోరు పెడితే ఆ ప్లాస్టిక్ ఒక పట్టాన ఊడి రాలేదు.

తర్వాత వంటకూ సరిపోయేలా పెద్ద ఫిల్టరు చేశాం. మూత్ర పరీక్షలో ఫ్లోరైడు తగ్గింది, వ్యాసమూ అచ్చయింది. నాలుగేళ్ళకు, మొన్న, ఆమె వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. చిన్నదానికి పై వరసలో అసలు పన్ను వచ్చింది. అంచు నుంచి సగం దాకా సుద్ద పూసినట్టు మచ్చలు, మధ్యలో పసుపు గీత. చిగురు వైపు మాత్రం తెల్లగా ఉంది. పన్ను అంచు దగ్గర మొదలై చిగురు వైపు తయారవుతూ వస్తుంది. ఆ మచ్చలో కొంత నేను ఆ ఊరికి పోకముందుది. మిగతాది నా ఏడాది.

ఫోటో కింద ఆమె గొంతు ఉంది. "సగం తెల్లగా వచ్చిండాదమ్మా. మీ పుణ్యం."

ఫోటోలో పాప నోరంతా తెరిచి నవ్వుతోంది. అడ్డం పెట్టుకోవాలని దానికింకా తెలియదు.