వైస్ ప్రెసిడెంటు గారి కిరాయి

మా సాఫ్ట్‌వేర్ కంపెనీ పటాన్‌చెరులో ఒక టైర్ల దుకాణం పైన ఉండేది. పాశమైలారం మందుల ఫ్యాక్టరీలకు స్టాకు లెక్కల ప్రోగ్రాములు రాసేవాళ్లం. మేం ఉద్యోగులం కాదట, ఒక కుటుంబమట. కంపెనీ పెట్టిన సార్ ప్రతి మీటింగులో ఇదే చెప్పేవాడు. నిజమే, ఇంట్లోవాళ్లకు జీతాలెవరిస్తారు?

దసరా అయ్యాక జీతాలు ఆగిపోయాయి. క్లయింటు బిల్లు రాలేదనేవాడు సార్. ఆయనకు కొత్త కారు మాత్రం వచ్చింది.

పటేల్‌గూడలో మా ఇంటి కిరాయి బాకీ పడింది. ఓనరు అంకుల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, మంచివాడే. ఆయనకూ ఓపిక అయిపోయి, బాకీ కట్టకపోతే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నా భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. ఆ స్థితిలో ఇల్లు మారడమంటే నాకు భయం.

తెగించి సార్‌ని జీతం అడిగాను. ఆయన భుజం తట్టి, "నీలాంటోన్ని పోగొట్టుకుంటనా?" అన్నాడు. సాయంత్రానికి నన్ను వైస్ ప్రెసిడెంటును చేశాడు. చప్పట్లు, శాలువా, అప్పటికప్పుడు ప్రింటు తీసిన విజిటింగ్ కార్డులు, ఒక మిఠాయి డబ్బా. ఆఫీసులో సగానికి పైగా అప్పటికే వైస్ ప్రెసిడెంట్లు. అందరూ జీతం అడిగి అయినవాళ్లే. శాలువా కప్పించుకున్నాక పైసల మాట ఎత్తడం మర్యాద కాదు కదా!

ఇంకొక నెల గడువు అడుగుదామని ఆ మిఠాయి పట్టుకుని నా భార్యతో కలిసి అంకుల్ దగ్గరికి వెళ్లాను. కార్డు చూసి ఆయన మురిసిపోయాడు.

"అరె, పెద్ద సాబ్‌వైనవ్ బిడ్డా! ఇగ బాకీ ఒక్కసారే కట్టేయ్. వచ్చే నెల సంది కిరాయి గూడ జెర పెంచుదం."

ఆయన తప్పేముంది? వాళ్ల ఫ్యాక్టరీలో ప్రమోషనంటే జీతం పెరగడమే. నేను ఇకిలిస్తూ నిలబడ్డాను. అంత పెద్ద హోదాలో ఉండి డబ్బు లేదని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. చివరికి నా భార్యే అంది: "గది కార్డు మటుకే అంకుల్. దసరా సంది ఒక్క పైస జీతం రాలే."

అంకుల్ ముఖం మాడిపోయింది. "జీతం ఇయ్యనోడు ప్రమోషన్ ఇస్తడా అమ్మా? నేనేమన్న పిచ్చోన్నా? ఇయ్యబుద్ధి గాకుంటే గట్ల చెప్పున్రి."

మామూలు ఉద్యోగిగా వెళ్లి కాళ్లావేళ్లా పడితే బహుశా గడువిచ్చేవాడు. వైస్ ప్రెసిడెంటు ఎగ్గొడుతున్నాడంటే ఎవరు ఊరుకుంటారు? నెలాఖరున సామానంతా ట్రాలీ ఆటోకెత్తించి చిట్కుల్‌లో ఒక్క గదికి మారాం. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నా భార్య రెండు చేతులతో కడుపు పట్టుకుంది.