బొట్టు పెట్టిన సముద్రపు రాయి

మా దీవిలోని రోజ్ హిల్‌లో మా ఇంట్లో, మనవడి గదిలోకి అడుగు పెడితే సముద్రం వాసన వస్తుంది. ఎవరో వాడుకుని పారేసిన పాత గాజు తొట్టిని తెచ్చుకుని, నెల రోజులుగా దాని పాకుడు గీకి, నీళ్ళు నింపి, పొట్లంలో కొన్న ఉప్పు కలుపుతున్నాడు. అడుగున సన్నటి ప్రాణులు పట్టిన సముద్రపు రాయి ఒకటి పెట్టాడు. చుట్టూ సముద్రం పెట్టుకుని ఉప్పు పొట్లం కొనుక్కునేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా గుమ్మంలో నిలబడి ఆ వాసన పీలుస్తాను. "అవ్వా, ఆ రాయికి కుళాయి నీళ్ళు తగలనివ్వకు, చచ్చిపోతుంది" అని నిన్న వాడు తన క్రియోల్‌లో నాకు జాగ్రత్తలు చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో పాపం వాడికేం తెలుసు. ఆ సంగతి నేను తొమ్మిదేళ్ళప్పుడే తెలుసుకున్నాను.

మాది కాంప్ ద మాస్క్ అనే పల్లె. నాన్నకు కొంచెం చెరకు, ఇంటి వెనక వంకాయ మడులు ఉండేవి. అమ్మ చెరకు ఎస్టేటు దొర బంగళాలో ఇల్లు తుడిచేది. సాయంత్రం తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, మేం రోష్ కారి అని పిలిచే రాతి మీద మసాలా నూరుతూ, ఆ బంగళా హాల్లో ఉన్న గాజు తొట్టి గురించి చెప్పేది. అందులో పసుపు, నలుపు చారల చేపలున్నాయట, చేపలు దాక్కోవడానికి కన్నాల రాయి ఉందట. "వాళ్ళింట్లో సముద్రం ఉందే" అనేది. ఉగాదికి ముందు ఆ రోష్ కారిని బూడిదతో, కొబ్బరి పీచుతో తోమి, మరిగే నీళ్ళు పోసి, ఆరాక పసుపు రాసి నడిమధ్యన బొట్టు పెట్టేది. ఆ తర్వాతే చిలకడదుంపా కొబ్బరీ పెట్టి గాతో పతాత్ చేసేది. నూనెలో అవి పొంగే వాసన వస్తుంటే నేను పొయ్యి దగ్గరనుంచి కదిలేదాన్ని కాదు.

ఆ అమ్మ వానాకాలంలో వారం రోజుల జ్వరంతో పోయింది. ఏడాదిదాకా మా ఇంట్లో పండగ లేదు, బొట్టు లేదు, పొయ్యి మీద నూనె మూకుడు లేదు. భజనలో ముందుండి పాడే నాన్న తాళాలను మేకుకు తగిలించేసి, మాటలు కూడా అక్కడే తగిలించినట్టు మూగగా తిరిగేవాడు. పండగపూట పక్కింటివాళ్ళు పళ్ళెం గుమ్మంలో పెట్టి, నన్ను ఆటకు పిలవకుండానే వెళ్ళిపోయేవారు. మైల ఉన్న ఇంటి పిల్లను ఎవరు పిలుస్తారు? నేను మెట్టు మీద కూర్చుని, వాళ్ళ వాకిట్లో పిల్లలు గోళీలకు దెబ్బలాడుకోవడం వింటూ, ఆ పళ్ళెంలోది ఒక్కదాన్నే తినేదాన్ని.

నువెల్ ఫ్రాన్స్ అనే ఊరి నుంచి మా పిన్ని, అమ్మ చెల్లెలు, ఒకరోజు వచ్చి నాన్నతో అంది: "ఆయో బావా, ఆడపిల్ల. ఇక్కడెవరు సూస్తారు దీన్ని? నేను తీస్కెల్తాను."

"ఏడాది ఎల్లనీ" అన్నాడు నాన్న. అంతే అన్నాడు. ఏడాది వెళితే నన్ను పంపేస్తాడని నాకర్థమైంది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

స్వాతంత్ర్యం వస్తోందని బంగళా దొరలు ఇల్లు ఖాళీ చేసి, సామాను అమ్మేసి వెళ్ళిపోయారు. ఎవరూ అడగని ఆ గాజు తొట్టిని నాన్న ఎడ్లబండి మీద ఎక్కించుకొచ్చాడు. బంగళా వెనక వరండాలో ఎన్నాళ్ళు పడి ఉందో, ఇనుప అంచులు తుప్పు పట్టి, గాజు నల్లగా మారి, అడుగున ఉప్పునీటి బురదలో కన్నాల రాయి ఒకటే మిగిలింది. కంపుకి మా కోళ్ళు కూడా దూరం జరిగాయి. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. నిమ్మచెక్కలతో గాజు రుద్దాం, తుప్పు గీకాం, పగుళ్ళలో కిటికీ అద్దాలకు పెట్టే మస్తిక్ కూరాం. సముద్రం నీళ్ళు నూనె డబ్బాల్లో బస్సు మీద తెచ్చేవాళ్ళం. "దిలో లామేర్? పు ఫేర్ కి?" సముద్రం నీళ్ళెందుకయ్యా అని కండక్టరు నవ్వితే, "పు మో తీఫీ" అన్నాడు నాన్న. మా అమ్మాయి కోసం అని. ఆ మాట విన్న రోజు నాకు అన్నం ఎక్కువ తినబుద్ధయింది.

రాతిని మాత్రం నాన్న నా చేతికివ్వలేదు. బేసిన్లో సముద్రం నీళ్ళలోనే ఉంచి, పాత బ్రష్షుతో మెల్లగా బురద వదిలించి, వారం వారం నీళ్ళు మార్చేవాడు. నా పని చెంబుతో ఆ నీళ్ళు ముంచి ఎత్తునుంచి మళ్ళీ పోయడం. అలా చేస్తే నీళ్ళకు గాలి తగులుతుందని తీరంలో ముసలి జాలరి చెప్పాడట. ఇంకేం చెప్పాడో నాన్న నాకు చెప్పలేదు. రాతి కన్నాల్లోంచి సన్నటి తెల్ల పోగులు బయటికొచ్చి, నీడ పడితే చటుక్కున లోపలికి పోయేవి. నాన్న వాటినే చూస్తూ గంటలు కూర్చునేవాడు. నాకైతే అవి పప్పులో పురుగుల్లా కనిపించేవి.

సంవత్సరీకం దగ్గర పడింది, ఆ రోజుకు పిన్ని వస్తుంది. ఇల్లు అమ్మ ఉన్నప్పటిలా కనబడితే, తొట్టిలో చేప తిరుగుతూ కనబడితే, నన్ను తీసుకెళ్ళాల్సిన పని లేదని పిన్నే అంటుందనుకున్నాను. నాన్న చెరకులో కలుపు తీయడానికి వెళ్ళగానే రాతిని బయటకు తీశాను. బూడిదతో, పీచుతో తోమాను. మంచినీళ్ళు మరగబెట్టి పోశాను. పోగులన్నీ పోయి రాయి కొబ్బరిలా తెల్లబడింది. అమ్మ భరిణ వెతికి, మైలన్న సంగతే మరిచిపోయి, పసుపు రాసి బొట్టు పెట్టాను.

నాన్న వచ్చి, గుమ్మంలోనే ఆగి, తలమీది గడ్డిటోపీ తీశాడు. తర్వాత ఆ రాతిని రెండు చేతులా ఎత్తి తొట్టిలో పెట్టాడు. మర్నాడు జాలరి దగ్గర్నుంచి చారల చేపను ఒకదాన్ని తెచ్చి వదిలాడు. స్వాతంత్ర్యం వచ్చిందని బడిలో పంచిన నాలుగు రంగుల కాగితం జెండా తెచ్చి నేను తొట్టి అంచుకు గుచ్చాను.

రాతిలో చచ్చిన పోగులు కుళ్ళి, రెండో రోజుకు నీళ్ళు పాలలా మారాయి. మూడో రోజు చేప పక్కకు ఒరిగిపోయింది. పిన్ని వచ్చింది ఆ రోజే. నాన్న తద్దినం ముగించి, నా వైపు చూడకుండా, "తీస్కెల్లు" అన్నాడు.

నువెల్ ఫ్రాన్స్‌లో చలి, పొద్దున్నే పొగమంచు. పిన్ని మంచిదే, ఆమె పిల్లలూ మంచివాళ్ళే. వాళ్ళు అమ్మా అని పిలిచినప్పుడల్లా నేనూ తలెత్తేదాన్ని. చేపను చంపాను కాబట్టి నాన్న నన్ను వదిలేశాడనుకున్నాను, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఏడాది చివరి సెలవులకు ఇంటికొస్తే తొట్టి నిండా తేటనీళ్ళు ఉన్నాయి. చేప లేదు. నా రాయి ఉంది, పక్కన సముద్రంలోంచి తెచ్చిన గుప్పెడంత కొత్త రాతిముక్క ఉంది. కుంకుమ కరిగిపోయింది కానీ పసుపు మరక గుంటల్లో ఇంకా ఉంది, దాని పక్కన కందిగింజంత లేత గులాబీ పూత. "సూసేవా, మళ్ళీ పేణం పడతంది" అన్నాడు నాన్న.

"నాన్నా, నేనే మంచినీళ్ళతో కడిగాను."

"తెలుసు."

"మరి తొట్టిలో ఎందుకు పెట్టావు?"

నాన్న చెంబుతో నీళ్ళు ముంచి మెల్లగా పోశాడు. "ఇంట్లోకొచ్చి బొట్టు సూసేను. మీ అమ్మొచ్చిందనుకున్నాను. తియ్యలేకపోయేను."

"చేప చచ్చిపోయిందనే కదా నన్ను పంపేశావు?"

"సేపేంటమ్మీ. వండేది నువ్వు, ఉతికేది నువ్వు. తొమ్మిదేళ్ళ పిల్లవి, మీ అమ్మవైపోతన్నావు" అన్నాడు.

సెలవులయ్యాక నేను మళ్ళీ నువెల్ ఫ్రాన్స్ వెళ్ళాను, చదువు అక్కడే అయింది, తెలుగు టీచరునయ్యాను. నాన్న మాత్రం డబ్బాలతో బస్సెక్కుతూనే ఉన్నాడు. చేప లేకుండా రాతిని పెంచుతున్నాడని ఊరు నవ్వింది. నేను వచ్చిన ప్రతిసారీ ఆ పూత కొంచెం పెద్దదయ్యేది. నాన్న పోయిన కబురంది నేను చేరేసరికి, ఎవరో నీళ్ళు చెరకులో పారబోసి తొట్టిని ఎక్కడికో తరలించారు. రాయి వాకిట్లో ఎండకు ఎండి మళ్ళీ తెల్లబడిపోయింది. దాన్ని చీరకొంగులో చుట్టుకుని తెచ్చుకున్నాను. ఇప్పుడు బంగళా లేదు, ఎడ్లబళ్ళు లేవు, మా ఇంటి చోట వేరేవాళ్ళ మేడ ఉంది. ఉగాదికి గాతో పతాత్ దుకాణంలో దొరుకుతుంది.

ఈ రోజు ఆ రాతిని మనవడి చేతిలో పెట్టాను. వాడు తిప్పి చూసి, ఇది చచ్చిపోయిన రాయి అవ్వా, అయినా బతికున్న దాని పక్కన పెడితే మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది, కాకపోతే ఏడాది పడుతుంది, అంతదాకా ఆగుతావా అన్నాడు.

"ఏడాది ఎల్లనీ" అన్నాను.