ఎనిమిదో బోల్టు దగ్గర చప్పుడు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. మా లేబర్ క్యాంపులో ఆరు నెలలకొకసారి ఎవరో ఒకరికి బాత్రూంలో దయ్యం వినపడుతుంది. చివరిసారి వినపడిన దయ్యం సరిగ్గా బిగించని కుళాయి అని, స్పానర్ పట్టుకెళ్ళి తేల్చింది నేనే. జగిత్యాల దగ్గర పల్లెలో ఉండే మా అమ్మకి ఆ సంగతి ఫోన్లో చెబితే, "దుబాయ్ల గూడ దయ్యాలుంటయా బిడ్డా?" అని బెంగపడింది. నేను ఖతర్ వచ్చి పదకొండేళ్ళయినా ఆమెకి ఇది దుబాయే.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యం లేదు. ఇందులో ఉన్న మనిషి నిక్షేపంగా బతికే ఉన్నారు. మొన్న శుక్రవారం నన్ను ఫోన్లో తిట్టారు కూడా. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఆయన పేరు ఏసురత్నం గారు. ఊరు నర్సాపురం వైపు. అల్ రువైస్ రేవు దగ్గర ఉన్న మా షెడ్డులో పెద్ద డీజిల్ ఇంజన్లకి ఆయనే మెకానిక్. అందరూ ఉస్తాద్ అంటారు. హెల్పర్‌గా చేరిన రోజు నుంచీ నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆయన ఈ మూల నుంచి తిడితే ఆ మూలనున్నవాడు చేతిలో స్పానర్ జారవిడిచేవాడు, అంత నోరు.

అలాంటి మనిషికి, సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. ప్రతి శుక్రవారం ఆయన భార్య మేరమ్మ గారు వీడియో కాల్ చేసి ఫోను ఆయన ముందు పెట్టేవారు. నేను వారం పనంతా చెప్పేవాణ్ణి. ఆయన చూసేవారు, అంతే. ఒక్కోసారి కళ్ళ వెంట నీళ్ళు కారేవి. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించేది కాదు.

అప్పుడే చేపల పడవలకి ఐసు చేసే ఫ్యాక్టరీ నుంచి జనరేటర్ ఇంజన్ ఒకటి మా షెడ్డుకి వచ్చింది. వెనక నుంచి ఆయిల్ కారుతోంది. ఇంజన్ వెనక తిరిగే బరువైన ఇనప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దాని చుట్టూ ఉండే పెద్ద ఇనప తొడుగు పేరు హౌసింగ్. ఆ తొడుగు ఊడదీసి, శుభ్రం చేసి, మళ్ళీ తిన్నగా కూర్చోబెట్టాలి. ఊడదీయడం ఎవడైనా చేస్తాడు. కూర్చోబెట్టడంలోనే ఉంది అసలు సంగతి. వెంట్రుకంత తేడా అనుకుని వదిలేస్తే దాని వెనక జనరేటర్ కూడా వంకరగా కూర్చుంటుంది, కొన్నాళ్ళకే బేరింగులు పోతాయి.

మా ఫోర్‌మన్ కేరళ ఆయన, మంచివాడే. కానీ ఓనర్ మాట ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గురువారం సాయంత్రం అసర్ నమాజు వేళ లోపు హౌసింగ్ తిన్నగా కూర్చుంటే ఉస్తాద్ స్థానం నాది. లేకపోతే ట్రక్కు వచ్చి ఇంజన్‌ని దోహాలో వేరే షెడ్డుకి తీసుకెళుతుంది, ఉస్తాద్ స్థానంలోకి కొత్త మెకానిక్‌ని తెస్తారు. ఆయన కుర్చీలో ఎవరో కూర్చున్నారని శుక్రవారం ఫోన్లో ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా భయమంతా అదే.

మంగళవారం నేనూ అస్లం భాయ్ కలిసి పని మొదలుపెట్టాం. అస్లం భాయ్‌ది పెషావర్. నా గదిలోనే ఉంటాడు. ఇంజన్ కింద జాకీలు పెట్టి, ఫ్లైవీల్‌ని చైన్‌బ్లాకు గొలుసుకి వేలాడదీసి దించి, హౌసింగ్ బోల్టులు పన్నెండూ విప్పాం. దీనికి ఉస్తాద్ పద్ధతి ఒకటుంది. అట్టముక్క మీద గడియారంలా పన్నెండు కన్నాలు పొడిచి, ఏ చోటి బోల్టుని ఆ కన్నంలోనే గుచ్చాలి. పైన పన్నెండో నంబరు, కింద ఆరో నంబరు. ఎనిమిదో నంబరు ఎడమ పక్క, కాస్త కిందకి ఉంటుంది.

లోపల ఆయిల్లో ఇసుక కలిసి హల్వాలా గట్టిపడి ఉంది. దాన్ని గీకి, డీజిల్‌తో కడిగి, ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పలచటి అట్టని, అంటే పాత గాస్కెట్‌ని, అంతా తీసేసరికి బుధవారం సాయంత్రమైంది.

ఆఖర్న ఇంజనూ హౌసింగూ ఒకదానికొకటి ఆనే చోటుని గుడ్డతో కాదు, వట్టి అరచేత్తో తుడవాలి. ఇది ఉస్తాద్ రెండో పద్ధతి. "గుడ్డకేం తెలుస్తాదిరా రాజన్నా? అరచేతికి తెలుస్తాది" అనేవారు. కానీ ఆయన వెళ్ళాక కొత్త సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. చేతికి గ్లవ్స్ లేకపోతే వెంటనే వార్నింగ్ కాగితం రాస్తాడు. నేను గ్లవ్స్ వేసుకుని, గుడ్డతోనే తుడిచేశాను. అప్పుడు అస్లం భాయ్ చాయ్‌కి వెళ్ళాడు. నన్ను ఎవరూ చూడలేదు.

గురువారం పొద్దున హౌసింగ్ ఎక్కించి, డయల్ గేజ్ పెట్టాను. అది చిన్న గడియారం లాంటి కొలత పరికరం. ఇంజన్ షాఫ్టుకి బిగించి, దాని మొన హౌసింగ్ ముఖానికి ఆనించి, షాఫ్టుని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే ఎక్కడ ఎంత వంకరుందో ముల్లు చూపిస్తుంది. ఈ ఇంజన్‌కి పావు మిల్లీమీటరు దాకా ఫరవాలేదు. నాకు దానికి రెట్టింపు వచ్చింది.

వదులు చేశాను, నైలాన్ సుత్తితో తట్టాను, బిగించాను, తిప్పాను. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ ముల్లు అక్కడికే పోయి నవ్వింది. హౌసింగే వంగిపోయి ఉంటుందని అందరం అనుకున్నాం. వంగితే దోహాలో లేత్ మీద చెక్కించాల్సిందే. ఫోర్‌మన్ నిట్టూర్చి, ట్రక్కు డ్రైవర్‌కి ఫోన్ కలిపాడు.

అప్పుడు వినపడింది. టక్ టక్. కాస్త ఆగి, టక్.

ఎడమ పక్క, ఎనిమిదో బోల్టు దగ్గర. ఇంజన్ రెండు రోజులుగా తిరగలేదు, చల్లగా ఉంది. చైన్ కదల్లేదు. ఫోర్‌మన్ చేతిలో ఫోను ఉంది, అస్లం భాయ్ చేతిలో నీళ్ళ సీసా ఉంది, నా చేతులు నా తల మీద ఉన్నాయి. మూడుసార్లూ గేజ్ ముల్లు అదరడం ముగ్గురం చూశాం. "కౌన్ హై భాయ్?" అంటూ అస్లం భాయ్ వంగి ఇంజన్ కిందకి చూశాడు. ఎవరూ లేరు. షెడ్డు పిల్లి కూడా గేటు దగ్గర నిద్రపోతోంది. ఫోర్‌మన్ ఫోన్లో ఆ కాల్ సమయం ఇప్పటికీ ఉంది, పదీ నలభై.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఉస్తాద్ కుడి చేతికి వెండి ఉంగరం ఒకటుంది. కణుపు లావెక్కి అది వేలి నుంచి రాదు. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ఆ ఉంగరంతో కొట్టేవారు. రెండు, ఆగి ఒకటి. ఎప్పుడూ అంతే.

నాకు భయం వెయ్యలేదు. సంతోషమేసింది. చాలా రోజులకి ఇంట్లోవాళ్ళ గొంతు విన్నట్టు అనిపించింది. "ఖోల్తే హై", మళ్ళీ విప్పుదాం అన్నాను. ఫోర్‌మన్ "పాగల్ హో గయా క్యా?" అన్నాడు గానీ, ట్రక్కుని మాత్రం ఆగమన్నాడు.

మళ్ళీ పన్నెండు బోల్టులూ విప్పాం. ఎనిమిదో బోల్టు పక్కన, గోటి ముక్కంత పాత గాస్కెట్ ఇంజన్‌కి అతుక్కుని ఉంది. దానికి చిక్కుకుని నా గుడ్డ తాలూకు దారప్పోగు. గ్లవ్స్ విసిరేసి, దాన్ని గీకేసి, చుట్టూ అరచేత్తో రెండుసార్లు తుడిచాను. ఎక్కించి, బిగించి, గేజ్ పెట్టి తిప్పితే ముల్లు పావులో సగం కూడా దాటలేదు. అస్లం భాయ్ అక్కడే చిందులు మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ "ట్రక్ నహీ చాహియే, ఖలాస్" అని ఫోన్లో అరిచి, అందరికీ బిర్యానీ తెప్పించాడు. అసర్‌కి ఇంకా బోలెడు టైముంది.

సాయంత్రం క్యాంపుకి వచ్చి ఫోన్ చూస్తే మేరమ్మ గారి మిస్డ్ కాల్స్ ఏడున్నాయి. వెంటనే తిరిగి కలిపాను. చేతులకి ఇంకా గ్రీజుంది, స్పీకర్ పెట్టి మాట్లాడాను.

"బాబూ, మీ ఉస్తాద్ మాట్లాడేరు!" అన్నారావిడ. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "టీవీలో ఒంటిగంట వార్తలొస్తన్నాయి. అన్నం ముద్ద పెట్టబోతన్నాను. పడిపోయిన చెయ్యి లేచింది బాబూ! మంచం పట్టీ మీద ఉంగరంతో కొట్టేరు. కొట్టి, ఎనిమిది, ఊడదియ్, అన్నారు. ఏం ఊడదియ్యాలో తెలీక బనీను ఊడదీసేను. ఎనిమిదంటే ఏంటో నాకిప్పటికీ తెలీదు."

ఇక్కడ పదీ నలభై అంటే అక్కడ ఒంటిగంటా పది. షెడ్డులో జరిగింది నేనింకా ఆవిడకి చెప్పనేలేదు.

"ఎట్ల కొట్టిండ్రమ్మా? ఒక్కసారి కొట్టి జూపియ్యిండ్రి" అన్నాను. ఆవిడ దేని మీదో గరిటెతో కొట్టారు. రెండు. ఆగి, ఒకటి. తెలుగు ముక్క రాని అస్లం భాయ్ పక్క మంచం మీద నుంచి దిగ్గున లేచి నిలబడ్డాడు.

ఇది మామూలు చప్పుడు కాదని నేను ఊరికే ఒప్పుకోలేదు. బిగించిన ఇనుము ఒక్కోసారి సర్దుకునేటప్పుడు చప్పుడు చేస్తుంది, ఫోర్‌మన్ ఇప్పటికీ అదే అంటాడు. నాలుగో నెలలో మాట తిరిగి రావడం ఉన్నదేనని నర్సాపురం డాక్టరు చెప్పాడట. రెండూ నిజమే కావచ్చు. ఎనిమిది అన్న మాట మాత్రం ఆ రెండింట్లోనూ ఇమడదు.

మర్నాడు శుక్రవారం వీడియో కాల్ వచ్చింది. ఉస్తాద్ దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ముల్లు ఎక్కడ ఆగిందో, ఏ ముక్క దొరికిందో అన్నీ చెప్పాను. ఎలా తుడిచానో మాత్రం సిగ్గేసి చెప్పలేదు. ఆయన కుడి చెయ్యి మెల్లగా లేచింది. వేలు నా వైపు తిరిగింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అడిగారు.

"గ్లౌజులు... ఏసుకుని... తుడిచేవా... ఎదవా?"

ఆఖరి మాట మాత్రం ఎప్పటిలాగే గట్టిగా పలికింది.

"తుడిచిన ఉస్తాద్. తప్పయింది" అన్నాను. నేను ఏడుస్తున్నాను, వెనక నుంచి మేరమ్మ గారు "అదిగో, తిట్లు కూడా వచ్చేసేయి!" అని నవ్వుతున్నారు. తిట్లు తిని అంత ఆనందపడిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఇప్పుడు షెడ్డులో ఉస్తాద్ పని నాది. ఆఖరి తుడుపు గ్లవ్స్ తీసేసి అరచేత్తోనే తుడుస్తున్నాను. సేఫ్టీ ఆఫీసర్ ఇప్పటికి రెండుసార్లు పట్టుకున్నాడు. అతను ఇచ్చే కాగితంలో, గ్లవ్స్ ఎందుకు తీశారో కారణం రాయమని ఒక గీత ఉంటుంది. దాని మీద ఏం రాయాలో నాకు ఇంతవరకూ తెలియలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టి ఇచ్చేస్తున్నాను.