ఆరు పాత కంప్యూటర్లూ నాలుగు ఉబుంటులూ

మొన్న పెరంబూరు స్టేషను దగ్గరి రిపేరు కొట్టాయన నా లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి కొత్త వెర్షన్ ఎక్కదు, పారేసి ఇంకొకటి కొనుక్కోండి పాట్టీ, అంటే అవ్వా, అని తమిళంలో తేల్చి చెప్పేసినప్పుడు నాకు కోపం కంటే ముందు నవ్వే వచ్చింది. అరవై దాటిన మనలాంటివాళ్లం ఏ కొట్టుకు ఏది పట్టుకెళ్లినా ఈ మాట వినవలసిందే కదా. నేను దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుని, అది ఇంకా ఎన్నాళ్లు నడుస్తుందో నాకు తెలుసు నాయనా అని చెప్పి బయటికి వచ్చేశాను. ఆ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు ఇలా చచ్చిపోయాయన్న కంప్యూటర్లను ఆరింటిని లేపి కూర్చోబెట్టినదాన్ని నేను.

అప్పుడు వ్యాసర్పాడిలో ఒక తెలుగు మీడియం బడిలో తెలుగు టీచరుగా ఉండేదాన్ని. రైల్వే యార్డులో మూటలు మోసేవాళ్లూ, జార్జి టౌన్‌లో బండ్లు లాగేవాళ్లూ, ఇళ్లలో పనిచేసేవాళ్లూ తమ పిల్లలను మా దగ్గరికి పంపేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆటలో రెండూ కలిసిన ఒక మూడో భాష మాట్లాడే ఆ పిల్లలకు పుస్తకంలోని తెలుగు కాస్త దూరపు చుట్టంలా అనిపించేది. ఏదో ఆఫీసువాళ్లు తమకు పనికిరావని ఆరు కంప్యూటర్లు మా బడికి ఇచ్చారు. అవి తెరుచుకోవడమే గగనం, తెరుచుకున్నా తెలుగు అక్షరాలు వత్తొక చోటా గుణింతమొక చోటా విడిపోయి కనిపించేవి. ఏడాది తిరగకుండానే వాటిమీద దుమ్ము పేరుకుంది.

బడి నడిపే కరస్పాండెంటు గారి కన్ను ఆ గదిమీద పడింది. ఇంగ్లీషు మీడియానికి కొత్త సెక్షన్ పెట్టాలని ఆయన ఆలోచన. ఒక సోమవారం నన్ను పిలిచి, “టీచరమ్మా, పని చెయ్యని పెట్టెలకి ఈడ గది ఎందుకు? శుక్రవారం కాయలాన్ కడై బండి వస్తాది, ఎత్తి ఏసేద్దాం” అన్నారు. పాత ఇనుము కొట్టుకు వెయ్యడమన్నమాట. నాకు ఎక్కడ లేని మొండితనం వచ్చి, పని చేస్తే ఏం చేస్తారని అడిగేశాను. ఆయన నవ్వి, “చేస్తే గది మీదే, పో” అన్నారు.

అన్నానే గాని, నాకు కంప్యూటర్ గురించి తెలిసింది అంతంత మాత్రం. తెలిసినవాడు మా మరిది. రైలు పెట్టెల కార్ఖానాలో ఎలక్ట్రీషియను, ఇంట్లో విప్పని వస్తువంటూ ఉంచేవాడు కాదు. విషయం చెప్పగానే మర్నాడు సాయంత్రం నాలుగు డిస్కులు పట్టుకుని బడికి వచ్చాడు. ఉబుంటు, కుబుంటు, జుబుంటు, లుబుంటు అని పేర్లు. కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థలట, ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. నాలుగూ ఒకటేలా ఉన్నాయి కదా, నాలుగెందుకని అడిగితే, తన కార్ఖానా భాషలోనే, మాటమాటకీ తమిళపు ‘దా’ తగిలిస్తూ చెప్పాడు. “కింద ఉండే అండర్‌ఫ్రేమ్ ఒకటేదా వదినా. పైన కట్టే పెట్టెదా వేరే. ఒకటి ఏసీ, ఒకటి చైర్ కారు, ఒకటి స్లీపరు, ఒకటి జనరలు. ఈ ముసలి ఇంజను ఏది లాగుతాదో చూడాల.” ఆ తర్వాత ఎంతమంది ఎన్ని విధాల చెప్పినా నాకు ఇంతకంటే బాగా అర్థం కాలేదు.

నాలుగు కంప్యూటర్లలో ఒక్కోదానిలో ఒక్కోటి ఎక్కించి, గోడ గడియారం చూసుకుంటూ మేమిద్దరం, మా లెక్కల మాస్టారు పక్కపక్కనే నడిపి చూశాం. ఉబుంటు తెరుచుకుంది గాని, రాసే ప్రోగ్రాం తెరిచేసరికి తెరమీద బాణం గుర్తు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. కుబుంటు చూడముచ్చటగా ఉంది, కిటికీలోంచి తొంగిచూస్తున్న పిల్లలంతా ఓ అని అరిచారు, కానీ అది పూర్తిగా లేచేలోపు నేను రెండు తరగతుల హాజరు పట్టీలు పూర్తి చేసుకున్నాను. జుబుంటు నెమ్మదస్తురాలు, రెండు పనులు ఒకేసారి చెప్తే మాత్రం అలిగేది. లుబుంటుకు ఏ సోకూ లేదు, కింద ఒక సన్నటి పట్టీ, మూలన ఒక బొత్తాం, అంతే. నేను నల్లబల్ల తుడిచి వచ్చేసరికి అది సిద్ధంగా ఉంది, అందులో తెలుగు రాస్తే వత్తులన్నీ వాటి చోట్లో అవి కుదురుగా కూర్చున్నాయి.

ఇంక తేలిపోయిందనుకున్నాను. తేలలేదు. మా మరిదికి కుబుంటుమీద మనసు, ఎలాగో నెట్టుకొద్దామంటాడు. లెక్కల మాస్టారు జుబుంటు పక్షం. వాదన ముదిరి ఆయన ఒక మాట అన్నారు. “టీచర్, మన పిల్లోళ్లకి అన్నీ పాతదిదా, తక్కువదిదా. ఇదీ మొండిగోడ మాదిరి ఉండేదేనా ఇచ్చేది? రేపొచ్చే ఇంగ్లీషు సెక్షనోళ్లు చూస్తే నవ్వరా?”

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఇంటికి పోయే బస్సులో కూడా అదే తొలిచింది. బీదపిల్లలకు బీద కంప్యూటరేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అప్పుడు, ఎందుకో, నేను మొదట పనిచేసిన బడి గుర్తుకొచ్చింది. అక్కడ అద్దాల బీరువాలో ఒక కొత్త తెలుగు టైపురైటరు ఉండేది. తాళంచెవి హెడ్మిస్ట్రెస్సు గారి కొంగున. ఆయుధపూజ నాడు బయటికి తీసి బొట్టుపెట్టి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవారు. నేను ఉన్న నాలుగేళ్లలో దానిమీద ఒక్క పిల్ల వేలు పడలేదు. అంత అందమైన వస్తువు ఆ బడిలో మరొకటి లేదు, అంత దండుగ వస్తువూ లేదు.

మర్నాడు సాయంత్రం మా మరిది బడికి రాగానే ఇద్దరికీ చెప్పేశాను. మన పీరియడు నలభై నిమిషాలు. అందులో పావు వంతు తెర ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూడ్డానికి మా పిల్లలు రాలేదు. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, లుబుంటే పెడుతున్నాం. మాస్టారు ముఖం ముడుచుకున్నారు గాని, చివరికి ఆయనే కూర్చుని ఆరింటిలోనూ ఎక్కించారు. మా మరిది కుబుంటు డిస్కును చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం బండి నిజంగానే వచ్చింది. కరస్పాండెంటు గారు బండివాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి లోపలికి వచ్చేసరికి ఆరు తెరలూ వెలుగుతున్నాయి, ఒక్కోదాని ముందు ఇద్దరేసి ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చున్నారు. ఆయన యార్డులో పనిచేసే కూలీ కూతురు ఒకతె దగ్గరికి వెళ్లి, ఏదైనా తెలుగులో కొట్టి చూపించమన్నారు. ఆ పిల్ల నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. మీటలు వెతుక్కుంటూ నింపాదిగా కొట్టింది. కరస్పాండెంటు గారి ఇంటి భాష తెలుగే అయినా చదువంతా ఇంగ్లీషులో సాగినవారు, అందుకని వంగి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివారు.

ఈ గది మాది.

  ఆయన నిటారుగా నిలబడి నా వైపు తిరిగి, “ఎవురమ్మా ఇది నేర్పింది?” అన్నారు.

“కంప్యూటరు నేను నేర్పినాను సార్. ఆ మాటలు మాత్రం ఆ బిడ్డవే” అన్నాను.

ఆయన ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల నెత్తిమీద చెయ్యి వేసి, బయటికి వెళ్లి బండివాణ్ణి పంపించేశారు. ఇంగ్లీషు మీడియం సెక్షన్‌కు మేడమీద రేకుల షెడ్డు వేయించారు.

ఆ తర్వాత ఆరేళ్లు పిల్లలు అక్కడ తమ పేర్లు, తాతల పేర్లు, పత్రికలు, పద్యాలు, ఒకళ్లమీద ఒకళ్లు తిట్లు, అన్నీ తెలుగులోనే కొట్టారు. చివరికి తెలుగు మీడియంలో చేరేవాళ్లే లేక సెక్షన్ మూసేశారు. ఆ రోజు కూడా ఆరు కంప్యూటర్లూ ఠంచనుగా తెరుచుకున్నాయి. వాటి ముందు కూర్చునేవాళ్లే లేరు. దానికి నేను బాధపడ్డాను, సిగ్గు మాత్రం పడలేదు.

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా అన్నీ ముందే ఎక్కించి ఇచ్చిన ఫోను. ఏది కావాలని అడిగేవాళ్లు లేరు, నాకు ఇది వద్దు అనే అలవాటు జనానికీ పోయింది. ఒక సాధారణమైన వస్తువు కోసం ముగ్గురు పెద్దవాళ్లు రెండు రోజులు కీచులాడుకున్నారంటే నమ్మరు. లెక్కల మాస్టారు పోయి రెండేళ్లయింది. మా మరిది రిటైరై తిరువొత్తియూరులో ఉంటున్నాడు, ఇప్పటికీ కుబుంటే వాడతాడు. కలిసినప్పుడల్లా ఏది మేలని ఇద్దరం మొదలుపెడతాం. పక్కన ఉన్న మనవలు ఆ పేర్లూ తెలియక, ఆ తెలుగూ సగమే తెలిసి, మా ముఖాల వైపు మార్చి మార్చి చూస్తారు. మేము గొంతు తగ్గించం.