తగ్గించి అడగని మేడమ్

పొద్దున కొత్త పాప్లిన్ థాను విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. వెంటనే నా కుడి భుజం బిగుసుకుంటుంది. థాను ఇంకా కౌంటర్ మీదే ఉంటుంది, నేను దాన్ని ఎత్తనే లేదు. ఎత్తబోతున్నానని భుజానికి ముందే తెలిసిపోతుంది. అప్పుడు ఇందిర మేడమ్ గుర్తొస్తారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది మ్యాచింగ్ బ్లౌజుల షాపు. మా నాన్న, మేనమామలు అందరూ గల్లాపెట్టె దగ్గర పెరిగినవాళ్లే. మాటలకంటే ముందు నాకు బేరం వచ్చిందని ఇంట్లో నవ్వేవారు. ఒకరోజు పై అరలోంచి థాను లాగబోతే భుజం పట్టేసింది. కొన్ని నెలలకు దెబ్బ మానిందన్నారు, నొప్పి మాత్రం ఏళ్లు గడిచినా పోలేదు. దవాఖానల చుట్టూ తిరిగాను. "స్కాన్‌ల ఏం లేదన్నరు గద, మరి నొప్పి ఏడికెల్లొస్తది?" అన్నాడు మా ఆయన. ఎవరు అడిగినా నొప్పిని చీర ధరలాగా పెంచి చెప్పడం నేర్చుకున్నాను. ఎలాగూ సగానికి కోస్తారు కదా.

చివరికి ఒక డాక్టరు ఎల్బీనగర్‌లో సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. జిరాక్స్ షాపు పైన చిన్న గది, గుంటూరు వైపు మాట్లాడే ఇందిర మేడమ్. నొప్పి పదికి ఎంత అని అడిగితే, బేరానికి చోటుంచుకుని తొమ్మిదన్నాను. "తొమ్మిదాండీ. చాలా కష్టం," అన్నారామె. అంతే. చెప్పిన ధరకే కొనేసే గిరాకీ వస్తే, ఇంకా ఎక్కువ చెప్పాల్సిందని బాధపడే జాతి మాది. ఆ రోజు మాత్రం, కోయకుండా నమ్మారని నాకు ఏడుపొచ్చింది.

తర్వాత కోపమూ వచ్చింది. నొప్పికి మనసు వైద్యమంటే, నేను నాటకమాడుతున్నాననే కదా అని లేచాను.

"కూర్చోండి. నొప్పి నిజమే. షాపులో ఒకసారి దొంగతనం జరిగాక, వచ్చిన ప్రతి కస్టమర్ చేతులే చూస్తారు కదండీ? మీ ఒళ్ళూ అలాగే చూస్తోంది. దొంగ ఎప్పుడో పోయాడు."

థానుల లోపలుండే ఖాళీ అట్టగొట్టం ఒకటి తెమ్మన్నారు. మెల్లగా ఊపిరి వదులుతూ దాన్ని అలమార అరలో పెట్టించేవారు. తర్వాత దానికి కాస్త బట్ట చుట్టించారు. భయం వేసిన చోట ఆగమనేవారు, వెనక్కి లాక్కోవద్దనేవారు. నేను ఊరుకుంటానా? చెప్పినవన్నీ చేస్త, సగమన్న తగ్గిస్తరా మేడమ్ అని బేరం పెట్టాను.

"తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. తగ్గుతుందని నేను అమ్మనండీ," అని నవ్వారు.

ఆ వారం ఆమె అడగ్గానే ఏడన్నాను. కొసరు కలపని అసలు ధర. నా నోటి నుంచి అది రావడం నాకే వింతగా అనిపించింది. కొన్నాళ్లకు చెయ్యి రెండో అర దాకా వెళ్లింది.

వానాకాలంలో ఒకరోజు వెళ్తే గదికి తాళం. కింద జిరాక్స్ అతను నా వైపు చూడకుండా చెప్పాడు. "మేడమ్ లేరక్కా. గుండె ఆగిపోయిందంట."

అట్టగొట్టం చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకునే మెట్రో ఎక్కాను.

ఇంట్లో ఒక్కదాన్నే ఆ పనులన్నీ చేసి చూశాను. రెండో అర నుంచి చెయ్యి మెల్లమెల్లగా కిందికి దిగింది. ఇంకెవరి దగ్గరికైనా వెళ్లమన్నారు. మళ్లీ తొమ్మిది చెప్పి మొదలుపెట్టే ఓపిక లేదు. పై థానులు ఇప్పుడు మా ఆయనే తీస్తాడు, తీసిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు కొసరేస్తాడు. నొప్పి ఎంత అని అడిగేవాళ్లు లేరు. సాయంత్రం షటర్ దించే వేళ నన్ను నేనే అడుగుతాను. పెంచను, తగ్గించను.

ఈ రోజు ఎనిమిది.