ఆఖరి పొర

ఎనభైల మొదట్లో, అమెరికాలో ఇండియానా వెళ్లే బస్సులో, నా పక్కనున్నాయన మాటిమాటికీ ముఖం మీంచి ఏదో ఒలిచి పారేస్తున్నట్టు చెయ్యి లాగుతున్నాడు. ఈగలా అని అడిగాను.

"కాదు, అలవాటు. మట్టి ట్రాకుల మీద స్ప్రింట్ కార్లని రేసు కార్లు నడిపాను. హెల్మెట్ అద్దానికి ప్లాస్టిక్ పొరలు అంటించుకుంటాం. బురద పడితే ఒకటి లాగేస్తే దారి కనిపిస్తుంది. ఒక రేసులో కంగారుపడి అన్నీ ముందే లాగేశాను. ఆఖరి ల్యాపులో, అదే రేసులో ఉన్న మా తమ్ముడి కారు అడ్డంగా ఆగి ఉంది. కనిపించలేదు."

"బతికాడా?" డాక్టర్ని కదా, నేరుగా అడిగేశాను.

"లేదు. మరుసటి శనివారం మళ్లీ రేసుకెళ్లాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

ఇప్పటికీ ఎవరికైనా చావు కబురు చెప్పి వార్డు బయటికి వస్తే, నా చెయ్యి ముఖం దాకా లేచి, లాగడానికేమీ దొరక్క దిగిపోతుంది.