ఇంటిపేరు ముందు పెట్టిన సర్వర్

అమెరికాలోని అరోరా ఊళ్ళో తెలుగు సంఘం మెయిల్ సర్వర్‌ని మొదటినుంచీ చూసుకుంటున్నది నరసింహం గారే. రిటైరైన ఇంజనీరు, ఒకరిచేత మాట పడే మనిషి కాదు. బయటి కంపెనీకి అప్పగిద్దామని కమిటీ అంటే, "నేను బతికుండగానా?" అన్నారు. పోయిన వారమే పాతది తీసేసి, కొత్త సర్వర్ తన చేత్తోనే పెట్టారు.

ఆ ఉదయం సంఘం సభ్యుడు ఉమాకాంత్ ఫోన్ చేశాడు. అతని భార్య ఇంద్రజకి ఎల్లుండి గుండె ఆపరేషన్. ఆమెది బాంబే గ్రూప్ రక్తం. మన దేశంవాళ్ళలో ఎక్కడో ఒకరికి ఉంటుంది, అమెరికావాళ్ళలో దాదాపు దొరకదు. ఒక్కరు దొరికినా చేస్తాం, దొరక్కపోతే కత్తి పట్టం అన్నారు డాక్టర్లు. వాయిదా వేస్తే ఇంద్రజ గుండె తట్టుకునేలా లేదు. నరసింహం గారు సభ్యులందరికీ మెయిల్ పంపారు.

మధ్యాహ్నమైనా ఒక్కరూ పలకలేదు.

"ఎవరైనా రిప్లై ఇచ్చారా అంకుల్?" ఉమాకాంత్ మళ్ళీ అడిగాడు.

"మనవాళ్ళ సంగతి తెలిసిందేగా బాబూ. పిక్నిక్ అంటే వస్తారు," అని విసుక్కున్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయనకే అనుమానమొచ్చింది. ఏ మెయిల్ ఏమైందో సర్వర్ రాసుకునే చిట్టా, లాగ్, తెరిచి చూశారు. ఒక్క మెయిలూ చేరలేదు. స్పామ్ పంపే దొంగలు మారుపేర్లతో వస్తారు గనక, అవతలి సర్వర్లు ముందు పేరడుగుతాయి. చెప్పిన పేరూ మెయిల్ వచ్చిన నెట్ అడ్రసూ కలవకపోతే గుమ్మం దాటనివ్వవు. సంఘం మెయిళ్ళన్నిటినీ అలాగే తిప్పికొట్టాయి.

అడ్రసు సరిగ్గానే ఉంది. మళ్ళీ మళ్ళీ చూశారు.

భార్య కామేశ్వరి వచ్చి పక్కన నిలబడింది. "పేరేమని చెప్తోందండీ మీ సర్వరు?"

"అరోరామిత్ర డాట్ మెయిల్."

"అరోరామిత్ర సంఘం పేరు కదా. అంటే ఇంటిపేరు. మెయిల్ అన్నది దాని సొంత పేరు. మనలాగా ఇంటిపేరు ముందు పెట్టేశారు. ఇక్కడ చివర కదండీ ఉండాలి."

ఎన్నేళ్ళు ఈ దేశంలో ఉంటేనేం, పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆయన సర్వర్ పేరుని మెయిల్ డాట్ అరోరామిత్ర అని మార్చి, మెయిల్ మళ్ళీ పంపారు. ఈసారి ఏ సర్వరూ తిప్పికొట్టలేదు. ఇద్దరూ తెరవంక చూస్తూ కూర్చున్నారు. ఇంద్రజకేమైనా అయితే ఎలా అన్న భయంతో ఆయన నిమిషానికోసారి లాగ్ చూస్తున్నారు.

కాసేపటికి పక్క ఊరు నేపర్‌విల్ నుంచి సంఘం సభ్యురాలు రాగిణి ఫోన్ చేసింది. "అంకుల్, నాది అదే గ్రూప్. బ్లడ్ సెంటర్‌కి స్టార్ట్ అయ్యాను. పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నానండీ, ఇంత అర్జెంటైతే మెయిల్ ఇప్పుడా పంపేది?"

"తప్పు నాదేనమ్మా," అన్నారు నరసింహం గారు.

ఆయన నోట ఆ మాట రావడం కామేశ్వరి అంతకుముందెప్పుడూ వినలేదు.